రెండు కాటాల మీద ఒక గెలాక్సీ

నేను నాన్న చొక్కా ఇస్త్రీ చేస్తున్నాను. ఒక చెయ్యి అయింది. అక్క బల్ల దగ్గర ల్యాప్‌టాప్ తెరిచి గోళ్లు కొరుక్కుంటోంది.

నాలుగేళ్లుగా అక్క పని ఒక్క గెలాక్సీతోనే. దానికి ఎంతో వెనకున్న మరో గెలాక్సీ వెలుగు దీని బరువుకు వంగి, చుట్టూ ఉంగరంలా కనిపిస్తుంది. ఆ ఉంగరం కొలిచి బరువు కట్టవచ్చు. లోపలి నక్షత్రాల వేగం చూసీ కట్టవచ్చు. సాపేక్ష సిద్ధాంతం అంత దూరాన కూడా నిజమైతే రెండు బరువులూ సరిపోవాలి. ఒకదాన్ని ఇంకోదానితో భాగిస్తే ఒకటి రావాలి.

నాన్నకిది వెంటనే అర్థమైంది. లారీల కాటా దగ్గర గుమాస్తా మరి.

"ఒకే లారీ, రెండు కాటాలు. అంతేగా?" అన్నాడు.

రావలసిన అంకె తెలిస్తే చెయ్యి అటే మొగ్గుతుంది. అందుకే అక్కావాళ్ల బృందంలో ఒక పద్ధతి. కంప్యూటరు జవాబును ఏదో రహస్య సంఖ్యతో గుణించి చూపిస్తుంది. ఆ సంఖ్య రాసి అంటించిన కవరు, లెక్క ముగిసేదాకా బయటివాళ్ల దగ్గర ఉండాలి. బృందం పెద్దాయన దాన్ని నాన్నకిచ్చాడు.

ఎనిమిది నెలలుగా తెర మీద 1.31. అది ముసుగేసిన అంకె అని తెలిసీ అక్క దానికే దిగులు పడింది. పోయినవారం ఒక కొలత తీసేస్తానంది.

"కొలత తప్పా, అంకె నచ్చలేదా?" అన్నాడు నాన్న.

అక్క తీయలేదు.

ఇవాళ లెక్క ముగిసింది. నాన్న కవరు తెచ్చి బల్ల మీద పెట్టాడు. కవరు విప్పాక ఇక ఏదీ మార్చడానికి లేదు.

"కాటా దగ్గర నీ తోటివాళ్లు ఇంకా వెక్కిరిస్తున్నారా నాన్నా?" అంది అక్క.

"'మీ అమ్మాయి తూకం తేలిందా, లారీ కదలొచ్చా?' అంటున్నారు. విప్పవే తల్లీ, నాకు డ్యూటీ టైమైంది."

అక్క కవరు నా వైపు తోసింది. ఇస్త్రీపెట్టె నిలబెట్టి, కవరు చించి చదివాను.

"ఒకటి పాయింట్ మూడు నాలుగు."

అక్క భాగించింది. మళ్లీ భాగించింది.

"సున్నా పాయింట్ తొమ్మిది ఎనిమిది! మా కొలతల్లో ఈ కాస్త తేడా మామూలే, ఇది ఒకటి కిందే లెక్క! ఒసేయ్, ఒకటేనే!" నన్ను పట్టుకుని గిరగిరా తిప్పేసింది. "ఆ కొలత తీసేసుంటే చెడిపోయేది నాన్నా!"

నాన్న వంగి, ఒక కన్ను మూసి, కాటా ముల్లును చూసినట్టు తెరను చూశాడు. తర్వాత బల్ల మీది చొక్కా లాక్కుని తొడుక్కున్నాడు, ఒక చెయ్యి నలిగి ఉండగానే. చిరిగిన కవరు మడిచి, కాటా దగ్గరవాళ్లకి చూపడానికి జేబులో పెట్టుకున్నాడు. చెప్పులేసుకుని కాటా వైపు వెళ్లిపోయాడు.