శివరామ్ వంతు

మా అత్తగారింట్లో మాట్లాడే హక్కు ఒక్కరికే ఉంది. ఆయన మా బావగారు వరదయ్య. పప్పుల మండీలో బేరమైనా, బ్యాంకులో పనైనా, చుట్టాల తగువైనా పెద్దవాడు మాట్లాడతాడు, తమ్ముడు పక్కన నిలబడతాడు. ఆ తమ్ముడే మా ఆయన శివరామ్. పెళ్ళిచూపుల్లో పిల్ల నచ్చిందని చెప్పింది కూడా బావగారే. తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మా ఆయన తాగుడు సంగతి కూడా అలాగే నడిచింది. "మావాడికి ఒంట్లో బాగలేదు" అని బావగారు అందరికీ చెప్పేవారు, అంతటితో సరి. కామెర్లతో ఆసుపత్రిలో పడ్డాక గానీ అసలు సంగతి బయటపడలేదు. మళ్ళీ తాగితే ప్రాణం దక్కదని డాక్టరమ్మ నాతో చెప్పింది. తాగుడు మానినవాళ్ళంతా కలిసి కూర్చునే మీటింగు ఒకటుందని, అక్కడికి పంపమని నంబరు కూడా ఇచ్చింది. ఇంటికొచ్చి నెలైంది. ఈయన ముట్టుకోవడం లేదన్నాడు. నేను నమ్మాను. నమ్మకపోతే నిద్ర పట్టదు కాబట్టి నమ్మాను.

ఫోన్ చేస్తే జెబరాజ్ అనే అరవాయన పలికాడు. హార్బర్‌లో పడవలు బాగుచేస్తాడట, నెల్లూరు జాలర్లతో తిరిగి తెలుగు నేర్చుకున్నాడట. "ఆదివారం సాయంత్రం, రాయపురంలో చర్చి వెనక బడిగది. ఈ వారం ఇంటోళ్ళు కూడా రావచ్చమ్మా. నేనూ తాగినోణ్ణే, భయపడొద్దు," అన్నాడు.

"ఆడ నువ్వేం మాట్లాడతావు? నేనొస్తా," అన్నారు బావగారు తమ్ముడితో. వద్దంటే వినే మనిషా! ఆటో చేపల మార్కెట్టు దాటుతుంటే ముక్కు మూసుకుని, "ఎవరన్నా చూస్తే చుట్టాలింటికి పోతా ఉండామని చెప్పండి," అన్నారు. ఉల్లిపాయ కూడా తినని మాకు చేపలవాడలో చుట్టాలట! మా ఆయన నవ్వలేదు. వణికే చేతుల్ని తొడల కింద దాచుకుని కూర్చున్నాడు.

గదిలో పిల్లల బెంచీల మీద పదిమంది దాకా ఉన్నారు. బావగారు అంగడి కార్డు ఇవ్వబోతే జెబరాజ్ తీసుకోలేదు. "ఈడ పేరు ఒకటి చాలు సార్," అన్నాడు.

ఒక్కొక్కరే లేచి తమ సంగతి చెప్పుకున్నారు. ఒకాయన కూతురి పుట్టినరోజుకి కేకు తెస్తానని వెళ్ళి, తాగి ఎక్కడో పడిపోయి, పండగంతా అయిపోయాక ఇల్లు చేరాడట. అరవంలో చెబుతూ మధ్యలో ఆగిపోయాడు. ఎవరూ తొందరపెట్టలేదు, సలహాలు చెప్పలేదు.

తర్వాత శివరామ్ వంతు. లేచింది బావగారు.

చేతులు జోడించి, వర్తక సంఘంలో మాట్లాడినట్టే మొదలుపెట్టారు. "మా తమ్ముడండీ. మంచోడు. స్నేహాల వల్ల ఏదో కొంచెం అలవాటైంది. దేవుడి దయ, నెలగా ముట్టుకోలేదు. ఇంక ముట్టుకోడు. నేను పూచీ."

మా బజారులో ఆయన పూచీకి తిరుగులేదు. నేను కూడా తలూపాను.

"మీ మాట విన్నాం సార్," అన్నాడు జెబరాజ్ నెమ్మదిగా. "ఈడ ఎవరి సంగతి వాళ్ళే చెప్పుకోవాల. ఆయనకి ఇష్టమైతే చెప్తారు. లేదంటే ఊరికే కూచోవచ్చు."

"వాడికి మాట్లాడేది రాదప్పా," అన్నారు బావగారు.

మా ఆయన లేచి అన్న మోచెయ్యి పట్టుకున్నాడు. "నువ్వు కూచో అన్నా."

మా ఇంట్లో బావగారితో ఆ మాట ఎవరూ అనగా నేను వినలేదు. బావగారు నిలబడిపోయారు.

"నా పేరు శివరామ్. నేను తాగుబోతుని. అన్న చెప్పింది నిజం కాదు. ఆయనకి తెలీదు, నా పెళ్ళాం జయంతికీ తెలీదు. గోడౌన్లో మూటల సందున దాచిపెట్టుకోని రోజూ తాగతా ఉండా. ఈ పొద్దు గూడా తాగే వచ్చినా. నాకు చావాలని లేదు. ఎట్ట మానేదో తెలీడంలా."

లేచి ఆయన చెంప పగలగొట్టాలనిపించింది. పట్టుకుని ఏడవాలనీ అనిపించింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన నోట అన్ని మాటలు ఒక్కసారిగా వినడం అదే మొదలు.

"ఉన్నట్టుండి ఆపేస్తే ప్రాణానికే ముప్పు. రేపు డాక్టరమ్మ దగ్గరికి పోదాం, నేను తోడొస్తా. వస్తావా శివరామ్?" అని అడిగాడు జెబరాజ్.

మా ఆయన అన్న వైపు చూడలేదు. "వస్తా," అన్నాడు.

బావగారు అప్పుడు కూర్చున్నారు. బెంచీ అంచు పట్టుకుని, గొంతు తగ్గించి, "నాతో ఒక్క మాట చెప్పుంటే ఏమి జయంతీ వీడు?" అన్నారు.

"మీరెప్పుడు చెప్పనిచ్చినారు బావా?" అన్నాను.