రెండో దెబ్బ

మా తమ్ముడు డెల్బర్ట్ ఎవరి మీదా చెయ్యి ఎత్తకూడదు. ఎత్తాడా, తిన్నగా జైలుకే. బారులో ఒకడి దవడ పగలగొట్టి మూడేళ్లు లోపలుండి, ఈ మార్చిలో పెరోల్ మీద నా ఇంటికి చేరాడు. కొట్లాట కూడదు, మందు కూడదు, ఆఖరికి జేబులో చాకు కూడా కూడదని పెరోల్ ఆఫీసరమ్మ మొహం మీద వేలు ఆడించి మరీ చెప్పింది.

కోపం మాకు నాన్న ఇచ్చిన ఆస్తి. సగం వాడికొచ్చింది, సగం నాకు. నా వాటా సంగతి ఊళ్లో ఎవరికీ తెలియదు. నేను ముప్పై ఏళ్లు స్కూలు బస్సు నడిపినదాన్ని, చర్చి సంతలో ఆపిల్ పై అనే తీపి రొట్టెలు అమ్మేదాన్ని. అరవై దాటిన ఆర్లీన్‌కు కోపం వస్తుందని ఎవరనుకుంటారు?

వాణ్ణి ఇంట్లోనే కూర్చోబెడితే పిచ్చెక్కుతుందని మే నెలలో ఒక శనివారం జునియాటా నది మీదికి లాక్కుపోయాను. చెరొక కయాక్, ఒక్కరు కూర్చుని తెడ్డేసుకునే సన్నటి పడవ. మే అంటే స్మాల్‌మౌత్ బాస్ చేపలు గుడ్లు పెట్టే కాలం. ఆడది గుడ్లు పెట్టి తన దారిన తాను పోతుంది. మగది గులకరాళ్లను తోకతో ఊడ్చి చేసిన గూటి మీద కాపలా ఉంటుంది. తిండి మానేస్తుంది. దగ్గరికి ఏదొచ్చినా మీదపడి కరుస్తుంది. అప్పుడు దాని ముందు ఎర వేస్తే ఆకలితో కాదు, కోపంతో నోరు తెరుస్తుంది. దాన్ని పట్టడం గొప్పా? చంటిపిల్లాడి చేతిలో మిఠాయి లాక్కున్నంత గొప్ప. అందుకే మా నది మీద గూళ్లు కనిపిస్తే గాలం పైకెత్తేసి, పక్కకు తప్పుకుని లోతు నీళ్లకు పోతాం. సిగ్గున్నవాళ్ల పద్ధతి అది.

బ్రెంట్ హోల్సింగర్‌కు ఆ సిగ్గు లేదు. టైర్ల కొట్టు నడుపుతాడు, నలభై ఏళ్లవాడు, నోరు మాత్రం నదంత. ఫోన్‌లో జరిగే చేపల పోటీలో చేరాడు. పట్టిన చేపను కొలబద్ద మీద పడుకోబెట్టి ఫొటో తీసి వదిలెయ్యాలి. నెలాఖరుకు ఎవరి చేప పొడుగైతే వాడు గెలిచినట్టు.

వంతెన దిగువన, నీళ్లు విసురుగా పారేచోట, వాడి కయాక్ ప్రవాహానికి అడ్డంగా నిలబడి ఉంది. లంగరు తాడును పడవ నడుముకు కట్టాడు. పారే నీళ్లలో తాడును పడవ కొసకే కట్టాలి. నడుముకు కడితే మనిషి కాస్త ఒరిగినా చాలు, నది పడవను బోర్లించేస్తుంది. గూళ్లన్నీ ఎదురుగా కనబడాలని అలా కట్టుకున్నాడు దరిద్రుడు. లైఫ్ జాకెట్ ఒంటి మీద లేదు, సీటు కింద మెత్తలా వేసుకున్నాడు.

మేం దగ్గరయ్యేసరికి ఒక మగ బాస్‌ను బద్ద మీద నొక్కి పట్టుకున్నాడు. కింద దాని గూటి మీద సన్‌ఫిష్ అనే చిన్న చేపల మంద పడి గుడ్లు తినేస్తోంది. కాపలావాడేమో పైన గాలిలో నోరు తెరుస్తూ మూస్తూ ఉన్నాడు. పోటీలో ముందున్నదానికి అరంగుళం తగ్గిందని బ్రెంట్‌కు ఒళ్లు మండింది. చేపను నీళ్లలోకి వదల్లేదు. ఒడ్డు రాళ్ల మీదికి విసిరికొట్టాడు. తల పగిలిన చప్పుడు నాదాకా వినిపించింది.

"ఏం మనిషివిరా నువ్వు? గూటి మీదున్నదాన్ని చంపుతావా?" అని అరిచాను.

"నది నీ అబ్బ సొత్తా, ముసలమ్మా? పోయి ఆపిల్ పై కాల్చుకో, పో!" అన్నాడు. అప్పుడు నా వెనకున్న డెల్బర్ట్ కనిపించాడు వాడికి. మొహం వెలిగిపోయింది. "ఓహో, జైలు పిట్ట కూడా వచ్చిందే! ఏరా డెల్, అక్క చెయ్యి పట్టుకుని షికారుకొచ్చావా? రా, కొట్టు! కొట్టరా చూద్దాం!"

"అక్కా, పోదాం పద," అన్నాడు డెల్బర్ట్.

"అయ్యో, పౌరుషం కూడా లోపలే వదిలేసి వచ్చాడు పాపం!"

డెల్బర్ట్ పడవ తిప్పాడు. అప్పుడు బ్రెంట్ గాలం విసిరాడు. చేప మీదికి కాదు, నా తమ్ముడి మీదికి. మూడు కొక్కేల ఎర వచ్చి వాడి చెంపలో దిగింది. బ్రెంట్ రీల్ తిప్పాడు. దారం బిగిసింది, చెంప తోలు సాగింది, నెత్తురు గడ్డం మీదుగా కారింది.

"పడిందిరా పెద్ద చేప! దీన్ని బద్ద మీద పెట్టాలి!" అని పగలబడి నవ్వాడు.

డెల్బర్ట్ తెడ్డు ఒళ్లో పెట్టుకుని, రెండు చేతులూ తొడల కింద దోపుకున్నాడు. నా తమ్ముడు నా కళ్ల ముందు తన చేతుల మీద తాను కూర్చున్నాడు, అవి లేవకుండా.

నా లైఫ్ జాకెట్ ఛాతీ మీద చాకు ఉంది. దారం కోసి ఊరుకోవచ్చు. నాకు ఊరుకోవాలనిపించలేదు. నాన్న ఇచ్చిన వాటా మొత్తం ఒక్కసారిగా చేతుల్లోకి వచ్చింది. రెండు తోపుల్లో వాడి పక్కకు చేరి, తెడ్డు అంచుతో మొహం మీద కొట్టాను. ముక్కు ఎండు కట్టెలా విరిగింది. వాడు ఎగువకు ఒరిగాడు. నది చేయాల్సింది నది చేసింది. పడవ బోర్లపడింది, లంగరు తాడు వాడి కాలికి చుట్టుకుంది. నీళ్ల పైన ఒక చెయ్యి మాత్రం గాలిని గీరుతోంది.

చూస్తూ కూర్చున్నాను. నాకు జాలి కలగలేదు.

"అక్కా, చాకియ్యి!"

"చావనీ వెధవని."

"వాడు చస్తే నువ్వు జన్మంతా లోపలే! అదెలా ఉంటుందో నీకు తెలీదు, నాకు తెలుసు! ఇయ్యవే!"

నా ఒరలోంచి చాకు తనే లాక్కుని నీళ్లలోకి దూకాడు. చెంపకు ఎర వేలాడుతూనే ఉంది. రెండుసార్లు మునిగి, మూడోసారి తాడు కోసి, వాణ్ణి జుట్టు పట్టుకుని గులకరాళ్ల తిన్నె మీదికి ఈడ్చాడు. బోర్లా పడేసి వీపు మీద చరిచాడు. బ్రెంట్ నీళ్లూ నెత్తురూ కక్కి ఊపిరి పీల్చాడు. నేనూ పడవను తిన్నెకు చేర్చి దిగాను.

వంతెన మీద వెళ్లే ఎవరో ఫోన్ చేసినట్టున్నారు, నది మీద చేపలవేటకు కాపలా కాసే వార్డెన్ లోగన్ ఫ్రైజ్ పడవలో వచ్చేశాడు. అతనికి కనిపించిందేమిటి? మొహం పచ్చడైన మనిషి, వాడి మీదికి వంగిన జైలుమనిషి, చేతిలో చాకు.

"చాకు పడెయ్! మోకాళ్ల మీద కూర్చో!" అన్నాడు తుపాకి తీసి. డెల్బర్ట్ కూర్చున్నాడు. బేడీలు పడ్డాయి.

"కొట్టింది నేనయ్యా లోగన్! చాకు నాది. ఇదిగో ఒర, చూడు!"

"ఆర్లీన్ గారూ, ఎనిమిదేళ్లు మీ బస్సులోనే బడికెళ్లాను. తమ్ముడి మీద మీ ప్రేమ నాకు తెలీదా? మీరు పక్కకు జరగండి," అని బ్రెంట్ వైపు తిరిగాడు. "ఎవరు కొట్టారు నిన్ను?"

బ్రెంట్ నన్ను చూశాడు. వాడి కళ్లలో భయం కాదు, సిగ్గు కనిపించింది. ఆపిల్ పై అమ్ముకునే ముసలిది ముక్కు పగలగొట్టిందంటే టైర్ల కొట్టులో వాడు తలెత్తగలడా? నలుగురూ నవ్వడం కన్నా ఒకడు జైలుకు పోవడమే వాడికి నయం.

"వాడే. డెల్," అన్నాడు.

"ఒరేయ్, నీ ప్రాణం కాపాడాడురా వాడు!" అని గొంతు చించుకున్నాను. లోగన్ వినిపించుకోలేదు, డెల్బర్ట్‌ను లేపి నిలబెట్టాడు.

"పోనీలే అక్కా," అన్నాడు డెల్బర్ట్ నేల చూస్తూ. "నాకు అలవాటేగా."

ఆ మాటతో నాలో మిగిలింది కూడా తెగిపోయింది. మంచితనానికి పోతే ఉన్న తమ్ముడు పోయేలా ఉన్నాడు. నా పడవ దగ్గరికి నడిచి తెడ్డు తీసుకున్నాను. నేను సామాను సర్దుకుంటున్నానని అనుకున్నాడో ఏమో, లోగన్ తిరిగి చూడలేదు. బ్రెంట్ దగ్గరికి వెళ్లి, రెండు చేతులా ఎత్తి, భుజం మీద దించాను. భుజంలో ఏదో ఫటేల్మంది.

"అమ్మో! మళ్లీ కొట్టింది!" అని బ్రెంట్ పొర్లుతూ గావుకేకలు పెట్టాడు. "మళ్లీ కొట్టిందిరా ఈ ముసల్ది! పట్టుకోండ్రా!"

లోగన్ ఆగిపోయాడు. వాణ్ణి చూశాడు, నన్ను చూశాడు, నా ఛాతీ మీది ఖాళీ ఒర చూశాడు.

"మళ్లీ అంటే?" అని అడిగాడు.

ఇక ఎవరూ ఏం చెప్పనక్కర్లేకపోయింది. లోగన్ తెడ్డు నా చేతిలోంచి తీసుకున్నాడు. డెల్బర్ట్‌కు వేసిన బేడీలు విప్పి, అవే తెచ్చి నాకు వేశాడు. వేసేటప్పుడు "సారీ ఆర్లీన్ గారూ," అన్నాడు బస్సెక్కే పిల్లాడి గొంతుతో.

డెల్బర్ట్ ఏడుస్తున్నాడు. జైలుకు పోయినప్పుడు కూడా ఏడవనివాడు.

"ఎందుకే అక్కా ఇలా చేశావు? ఇప్పుడు నిన్ను లోపలేస్తారే!"

"వెయ్యనీరా. నీకు రెండోసారి, నాకు మొదటిసారి. మొదటిసారికి కాస్త తక్కువేస్తారు," అన్నాను. "ఆ కొక్కెం వెనక్కి లాగకు, చెంప చిరుగుతుంది. ఆసుపత్రికి పోయి తీయించుకో."

లోగన్ నా మోచెయ్యి పట్టుకుని పడవ ఎక్కించాడు.