అరవగలిగే ఫోను

ఆమె కారు నడపడం నేర్పే టీచరు. ఊళ్ళో చాలామంది ఆమె పక్కన కూర్చునే మొదటిసారి స్టీరింగు పట్టుకున్నారు. గొంతులో గడ్డ లేచి, ఆపరేషన్‌లో స్వరపేటిక తీసేశాక ఆమె మాట పోయింది. డ్రైవింగ్ స్కూలు యజమాని మంచివాడే. "ఆఫీసులో కూర్చోమ్మా, ఎండావానా లేకుండా" అన్నాడు. కూర్చుంది. స్కూలు కార్లు గేటు దాటుతుంటే కిటికీలోంచి చూసి పళ్ళు నూరుకునేది.

కానీ ఆమె గొంతు ఒకచోట మిగిలే ఉంది. మరిది కంప్యూటర్ ప్రోగ్రాములు రాస్తాడు. ఆపరేషన్‌కు ముందే వదినను కూర్చోబెట్టి, పాఠం చెప్పేటప్పుడు ఆమె వాడే మాటలన్నీ రికార్డు చేశాడు. మనకు కావలసినట్టు మార్చుకోగలిగే లినక్స్ అనే సిస్టమ్‌తో నడిచే తన లాప్‌టాప్‌లో ఒక్కో మాటను ఒక్కో మీటకు తగిలించాడు. మీట నొక్కితే ఆమె గొంతే పలుకుతుంది. కొత్తగా ఏదైనా టైపు చేస్తే మాత్రం మెషిన్ గొంతు చదువుతుంది. ఇంట్లో మొగుడితో పోట్లాటకు అది చాలు. కదిలే కారులో మాత్రం ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుని పాఠం చెప్పడం జరిగే పని కాదు.

మామూలు ఫోనులో పెట్టి చూశారు. తెర ఆరగానే ఆ ఫోను ప్రోగ్రామును నిద్రపుచ్చేది. లారీ ఎదురొచ్చే వేళకు దాన్ని తట్టి లేపుకోవాలి.

"వదినా, లాప్‌టాప్‌లో ఉన్న లినక్సే ఫోనులోకి ఎక్కిద్దాం" అన్నాడు మరిది. "అప్పుడు అది మన మాట వింటుంది. తెర ఆరినా సరే, పక్కనుండే సౌండు బటన్ నొక్కితే నీ గొంతు వినిపిస్తుంది. కాకపోతే అన్ని ఫోన్లలోనూ ఎక్కదు. చూసి కొనాలి."

ఇద్దరూ పాత ఫోన్లు అమ్మే కొట్టుకు వెళ్ళారు. కొట్టతను ముందుగా తళతళలాడే ఫోను తీశాడు. మరిది మోడల్ వెతికి పెదవి విరిచాడు. "దీనికి కంపెనీ తాళం వేసేసింది. ఇంకో సిస్టమ్‌ను లోపలికి రానివ్వదు."

రెండోది చూడగానే మరిది ముఖం వెలిగిపోయింది. "ఇదీ ఫోనంటే! లినక్స్ ఎక్కుతుంది, కెమెరా పనిచేస్తుంది, వేగమంటే వేగం!"

ఏ ఫోనులో ఏది పనిచేస్తుందో చెప్పే పేజీ లాప్‌టాప్‌లో తెరిచే ఉంది. ఆమె అందులో ఒక గడి మీద వేలు పెట్టింది. స్పీకరు ఇంకా పనిచేయదని రాసి ఉంది.

"అదా... దానిమీద చాలామంది పనిచేస్తున్నారు వదినా. కొన్ని నెలల్లో వచ్చేస్తుంది."

ఆమె టకటకా టైపు చేసింది. "నోరు లేని ఫోను నాకెందుకు? ఇంట్లో నేనొక్కదాన్ని చాలు" అంది లాప్‌టాప్.

కొట్టతను నవ్వాపుకోలేకపోయాడు. మరిది తల గోక్కున్నాడు.

ఆమె లాప్‌టాప్‌ను తనవైపు తిప్పుకుంది. స్పీకరు, పక్క బటన్లు, ఫోన్ కాల్స్. ఈ మూడూ ఇవాళే పనిచేయాలి. మిగతావి ఉంటే ఉన్నాయి, లేకపోతే లేవు. అలా వెతికి ఒక మోడల్ చూపించింది. కొట్టతను అడుగు సొరుగులోంచి ఇటుకలాంటి ఫోను తీశాడు.

"దీన్ని ఎవరూ అడగట్లేదమ్మా. బ్యాటరీ మాత్రం మనమే మార్చుకోవచ్చు."

"లినక్స్ ఎక్కిస్తే దీని కెమెరా పనిచేయదు వదినా. దారి చూపించే మ్యాపు కూడా అంతంతమాత్రమే" అన్నాడు మరిది.

"దారి నాకు తెలుసు" అంది లాప్‌టాప్.

ఆమె ఆ ఫోనును వీధిలోకి తీసుకెళ్ళి, బస్సుల రొద మధ్య పాట పెట్టి చూసింది. రోడ్డుకు అవతలివైపు నిలబడ్డ మరిది వినిపిస్తోందని చెయ్యి ఊపాడు. అంతే, కొనేసింది.

సిస్టమ్ ఎక్కించేటప్పుడు ఒకసారి తెర నల్లబడి మరిదికి చెమటలు పట్టాయి. ఆమె వేరే కేబుల్ తెచ్చి చేతిలో పెట్టింది. తప్పు కేబుల్‌దే. ఈసారి సాఫీగా ఎక్కింది. మరిది ఆమె మాటలన్నీ ఫోనులో పెట్టి, అన్నిటికంటే అవసరమైనదాన్ని పక్క బటన్‌కు తగిలించాడు.

ఆమె మళ్ళీ కారులో పాఠం చెప్పడానికి యజమాని అరమనసుతోనే ఒప్పుకున్నాడు. తనూ వెనక సీట్లో కూర్చుంటానన్నాడు. స్టీరింగు ముందు పళ్ళ డాక్టరు. లైసెన్సు పరీక్ష తప్పి మళ్ళీ నేర్చుకుంటున్నాడు. బజారు మలుపులో ఒక వ్యాను ఉన్నట్టుండి వెనక్కి వచ్చింది. డాక్టరు బిగుసుకుపోయాడు. యజమాని సీటును గట్టిగా పట్టుకున్నాడు. ఆమె కాలి కింద కూడా ఒక బ్రేకు ఉంది. దానిమీద పాదం ఆనించి ఉంచి, బటన్ నొక్కింది.

"బ్రేక్! బ్రేక్ తొక్కు!"

ఆమె గొంతు కారంతా మార్మోగింది. డాక్టరు కాలు దానంతటదే దిగింది. వ్యానుకు మూరెడు దూరంలో కారు ఆగింది. ఆమె తన బ్రేకు తొక్కనే లేదు.

యజమాని పట్టుకున్న సీటు వదిలి ముందుకు వంగాడు. "రేపట్నుంచి నీ కారు నువ్వు తీసుకోమ్మా" అన్నాడు.

డాక్టరు నుదురు తుడుచుకుని ఆమెవైపు తిరిగాడు. "మేడమ్, బాగానే ఆపానా?"

ఆమె ఫోనులో తన మాటలన్నీ వెతికింది. గేరు, క్లచ్, అద్దం చూడు, నిద్రపోతున్నావా! అన్నీ ఉన్నాయి కానీ, మెచ్చుకునే మాట ఒక్కటీ లేదు. అదీ రికార్డు చేయాలని అప్పుడు ఆమెకూ మరిదికీ తట్టనే లేదు. చప్పుడు లేకుండా నవ్వుకుని టైపు చేసింది.

"బాగా ఆపారు" అంది మెషిన్ గొంతు. "ఇక కదలండి, వెనక బస్సు ఆగి ఉంది."