అందరికీ ఒకే కోటు

నేను ఒక పెన్‌డ్రైవ్‌ను. బొటనవేలంత ఒళ్లు, మూత ఎప్పుడో పోయింది. ఊహ తెలిసేసరికి నా కడుపులో ఎవరిదో పెళ్లి వీడియో ఉంది. ఏడాది తిరక్కుండానే ఆ పెళ్లికొడుకు నన్ను రేపల్లెలో కంప్యూటర్లు బాగుచేసే మస్తాన్ వలికి ఇచ్చేసి, లోపల ఏమున్నా తుడిచెయ్యమన్నాడు. మస్తాన్ తుడిచేసి, నాలో ఒక ఆపరేటింగ్ సిస్టమ్ పెట్టాడు.

అప్పటినుంచి నా కొలువు పరకాయప్రవేశం. చచ్చిన కంప్యూటర్‌కు నన్ను గుచ్చితే అది నా ప్రాణంతో లేచి కూర్చుంటుంది. దాని డిస్కు మీద నాకై నేను గీత కూడా గీయను. కరెంటు ఆగిందా, తెర మీద జరిగినదంతా మరిచిపోతాను. గదిలో విన్నది మాత్రం మరవను. ఇప్పుడు చెప్పేది కూడా మనుషులు మాట్లాడుకోగా విన్నదే.

రైలు గేటు పక్కన భావనారాయణ ఫోటో స్టూడియో ఉంది. ఆయన పోయిన తొమ్మిదో రోజు మధ్యాహ్నం మస్తాన్ నన్ను జేబులో వేసుకుని అక్కడికి వెళ్లాడు. ఎల్లుండి పెద్దకర్మ. పటం కట్టించడానికి ఫోటో లేదు. నలభై ఏళ్లు ఊరందరినీ ఫోటో తీసిన మనిషిని ఎవరూ తీయలేదు. పెళ్లిఫోటో తుఫానులో నానిపోయింది. ఆధార్ కార్డులోది పెద్దది చేయిద్దామని ఆయన తమ్ముడు అన్నాడట.

"అందులో మీ అన్న కోళ్లదొంగలా ఉన్నాడు మస్తానూ. అది గోడకెక్కితే నేను దణ్ణం పెట్టను," అంది ఆయన భార్య నాంచారమ్మ.

ఫోటో ఏదైనా ఉంటే స్టూడియో కంప్యూటర్‌లోనే ఉండాలి. అది తెరుచుకోవడం లేదు. కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ ఇన్‌స్టాల్ చేస్తే నడుస్తుందనీ, కానీ డిస్కులో ఉన్నదంతా చెరిగిపోతుందనీ మస్తాన్ చెప్పాడు.

"అయితే లోపలున్నవాళ్లంతా పోతారా?" అందామె.

లోపలున్నవాళ్లంటే చనిపోయినవాళ్లు. పెద్దకర్మ పటాలే ఆ స్టూడియోకు ఆధారం. మూసిన కళ్లను భావనారాయణ తెరిపించేవాడు. జన్మంతా లుంగీలో గడిపినవాడికి కూడా నీలం కోటు తొడిగేవాడు. బతికుండగా తండ్రికి చొక్కా కుట్టించని కొడుకులు సైతం, పోయాక కోటు లేకపోతే ఒప్పుకునేవారు కాదు. ఊళ్లో సగం గోడల మీద అదే కోటు. పటం కింద పేరు, జననం, మరణం. యాభై దాటాక నాంచారమ్మ అక్షరాలు నేర్చుకుంది ఆ రాతల్లోనే. కూడబలుక్కుని చదివిన మొదటి మాట 'మరణం'.

మస్తాన్ నన్ను గుచ్చి, భాష తెలుగుకు మార్చాడు. తెర మీద రెండు గళ్లు వచ్చాయి. అతను నొక్కబోతుంటే ఆమె చెయ్యి అడ్డుపెట్టి, తానే చదివింది. ఒకదానిలో 'ఇన్‌స్టాల్ చేయకుండా వాడి చూడండి' అని ఉంది. రెండోదానిలో 'ఇన్‌స్టాల్ చేయండి' అని ఉంది.

"రెండోదాని మీద చెయ్యి పడితే?"

"అందరూ పోతారు వదినా."

మొదటిది మూడుసార్లు చదివి, నొక్కింది.

లోపల వందల పేర్లు. ఆమె చదవాలని భావనారాయణ అన్నీ తెలుగులోనే రాసి పెట్టాడు. ఆమె ఒక్కొక్క పేరూ పైకి చదువుతుంటే గది ఇరుకవుతూ వచ్చింది. మస్తాన్ ఎందుకో తన కుర్చీని గోడ దాకా జరుపుకున్నాడు. అన్ని పేర్లలో ఆయన పేరు లేదు.

చివరికి 'కోటు' అన్న మాట దగ్గర ఆమె ఆగింది. తెరిస్తే, తల లేని కోటు. నాంచారమ్మ తెరకు దగ్గరగా జరిగి రెండో గుండీని వేలితో తాకింది.

"ఇది నేను కుట్టిన గుండీ. నీలం దారం దొరక్క తెల్లదారంతో కుట్టా. ఆయన పెళ్లికోటు ఇది. ఇన్నాళ్లూ దండల కింద కనబళ్లా."

మస్తాన్ ఆ పక్కనే వెతికాడు. తల కత్తిరించని అసలు ఫోటో దొరికింది. పాతికేళ్ల భావనారాయణ, దీపాలు సరిచూసుకోవడానికి కాబోలు, తనే స్టూలు మీద కూర్చుని తీసుకుని, తర్వాతెప్పుడో కంప్యూటర్‌లోకి ఎక్కించుకున్నది. ఊళ్లో గోడలెక్కిన మగవాళ్లందరి భుజాలూ ఆయనవే.

"ఎంతమందికి ఒళ్లు అరువిచ్చాడో చూడు," అందామె.

బంధువులు గుర్తుపట్టాలని మస్తాన్ ఆ తలకు నెరిసిన జుట్టు, బుగ్గలకు ముడతలు పెట్టాడు. గంట పట్టింది. కంప్యూటర్ నా ప్రాణంతో నడుస్తోందని మరిచి, డిస్కులో పెట్టకుండా తెర మీదే దాచాడు. ఐదింటికి కరెంటు పోయింది. వచ్చాక నన్ను లేపితే నా దగ్గర నెరిసిన జుట్టూ లేదు, ముడతలూ లేవు. డిస్కులో ఆ కుర్రవాడు అలాగే ఉన్నాడు.

మస్తాన్ తల పట్టుకుని, మళ్లీ మొదలుపెడతానన్నాడు.

"మళ్లీ ముసలోణ్ణి చెయ్యమాకు," అంది నాంచారమ్మ. "ఉన్నట్టే ఉండనీ."

పెద్దకర్మకు వచ్చినవాళ్లు పటం ముందు ఆగి ఆగి కదిలారు. మస్తాన్ జేబులోంచి విన్నాను.

"ఈయన మా నాయన కోటేసుకున్నాడేంటి?" అన్నాడొకాయన.

"మీ నాయనే ఈయన కోటేసుకున్నాడబ్బాయ్," అందామె.

తరువాత మస్తాన్ ఫోటోలన్నీ వేరే డిస్కులో భద్రం చేసి, ఇక ఇన్‌స్టాల్ చెయ్యనా అని అడిగాడు. అది లోపలున్నవాళ్ల ఇల్లనీ, తను చూసిపోతే చాలనీ అంది నాంచారమ్మ. విభూతి చేతితోనే నన్ను తీసుకుంది. ఆ మరక ఇంకా నా అంచున ఉంది.

ఇప్పుడు స్టూడియోలో ఆయన పటం కింద మేకుకు వేలాడుతుంటాను. వారానికొకసారి ఆమె నన్ను గుచ్చుతుంది. నేను ఎప్పుడూ మొదటిసారి వచ్చినదాన్నే. చూసిపోతారా, ఉండిపోనా అని అదే ప్రశ్న వేస్తాను. కంఠతా వచ్చినా ఆమె రెండు గళ్లూ పూర్తిగా చదివి, మొదటిదే నొక్కుతుంది. పేర్లు పైకి చదివి, కంప్యూటర్ ఆపేస్తుంది. ఆ ముఖాల్లో ఒక్కటీ నాకు మిగలదు.

గదిలోది మాత్రం గుర్తుంటుంది. ఆ రోజు మస్తాన్ జరుపుకున్న కుర్చీ ఇంకా గోడకే ఉంది. మధ్యలో ఖాళీ అయిన చోట ఆమె ఏమీ పెట్టనివ్వదు.