ఆరుద్ర పురుగు దొరికిన చోటు

అత్తగారింటికి వచ్చిన కొత్తలో నాకు అప్పగించిన పని పొద్దున్నే వరండా ఊడవడం. రాజోలు దగ్గర కాలవగట్టు మీద ఇల్లు. వానాకాలంలో రాత్రంతా ట్యూబులైటు చుట్టూ తిరిగిన పురుగులు తెల్లారేసరికి కింద గుట్టగా పడి ఉండేవి. చీపురు వేయబోతే మా తోడికోడలు దుర్గాభవాని నా చెయ్యి పట్టుకుంది.

"ఆగవే సువర్ణా. చూసి ఊడువు."

గొంతుక్కూర్చుని, చచ్చినవాటిలోంచి చింతగింజంత పెంకుపురుగుని ఏరి అరచేతిలో తిప్పింది. నల్లటిదనుకున్నది ఎండ తగలగానే నెమలి మెడలా మెరిసింది. పుట్టిన దగ్గర్నుంచి ఇలాంటివి ఎన్నిటిని చూడకుండా ఊడ్చి పారేశానో అనిపించింది.

తనని అక్కా అనే పిలిచేదాన్ని. అక్క అమలాపురంలో ఇంటర్ బైపీసీ చదివింది. డిగ్రీలో చేరాల్సిన ఏడే పెళ్ళి చేసేశారు. పురుగుల పిచ్చి మాత్రం వెంట తెచ్చుకుంది. పాత ఫొటో ఫ్రేముల అద్దాలు మూతలుగా, అడుగున థర్మోకోల్ అతికించి, పెట్టెలు తనే చేసుకుంది. ఇంటిల్లిపాదికీ వండి, వడ్డించి, అంట్లు తోమి, అందరూ కునుకు తీసే వేళకి వాటి ముందు కూర్చునేది. పెంకుపురుగుకి కుడి రెక్క మీదే సూది గుచ్చాలిట. ఎండి బిరుసెక్కిన సీతాకోకచిలుకని తడి ఇసక డబ్బాలో ఉంచి, మెత్తబడ్డాక రెక్కలు విప్పేది. ఒళ్ళు మెత్తగా ఉండే సాలీళ్ళని ఖాళీ ఇంజెక్షన్ సీసాల్లో స్పిరిట్ పోసి దాచేది. విరిగిన మీసాన్ని తుమ్మబంకతో అతికించేటప్పుడు ఊపిరి కూడా బిగబట్టేది. వంటింట్లో పరుగులు పెట్టే ఆ వేళ్ళు అంత నెమ్మదిగా కదలగలవని నాకు అక్కడే తెలిసింది. తొంభై ఆరు తుఫానుకి ఇంటికప్పు ఎగిరిపోయి పెట్టెలన్నీ నానిపోయాయిట. ఇల్లు సర్దడం అయ్యాక మళ్ళీ మొదట్నుంచి మొదలుపెట్టిందిట.

"ముగ్గులో, అల్లికలో నేర్చుకోక ఈ పీనుగలేంటమ్మా ఇంట్లో?" అనేది మా అత్తగారు కాంతమ్మ. బావగారు రాజేంద్రది కొబ్బరి వ్యాపారం. బేరానికొచ్చినవాళ్ళ ముందు, "మా ఆవిడ పురుగుల డాక్టరండి. సూది మందేసిందంటే పేషెంటు లేవడండి, ఆయ్!" అనేవారు. అందరూ నవ్వేవారు. కాఫీలు అందిస్తూ అక్కా నవ్వేది. నాకు ఆ నవ్వే కష్టంగా ఉండేది.

ఆరుద్ర కార్తె తొలకరికి అరటితోటలో నాకో ఆరుద్ర పురుగు కనిపించింది. ఎర్ర మఖమలు ముక్కలా ఉందది. అరటాకులో పెట్టుకుని పరిగెత్తుకొచ్చాను.

"కాళ్ళు లెక్కెట్టు," అంది అక్క.

"ఎనిమిది."

"చూసేవా! సాలీడుకి చుట్టం ఇది."

ఆ మాఘమాసంలో మా ఆడపడుచు సత్యప్రియని చూసుకోడానికి కాట్రేనికోన నుంచి పెళ్ళివారు వస్తున్నారు. పొద్దున్నే అత్తగారు నన్ను పక్కకి పిలిచింది.

"ఆ పెట్టెలన్నీ దొడ్లో కొబ్బరి డొక్కల మంటలో పడేసి రా. దానికి చెప్పకు. తరవాత ఏడిస్తే ఏడుస్తుంది."

వంటింట్లో అక్క బజ్జీలకి పిండి కలుపుతోంది. పెట్టెలు ఒకదాని మీద ఒకటి పేర్చి దొడ్లోకి మోసుకెళ్ళాను. ఆ ఇంట్లో ఎదురు చెప్పడం నాకింకా తెలియదు. మంట పక్కన మసిలో పెట్టెలు దించేసరికి పైపెట్టెలో ఒక సీసా కనబడింది. ఆరుద్ర పురుగు. స్పిరిట్లో ఎరుపంతా వెలిసిపోయింది. లోపల చిన్న చీటీ మీద పెన్సిలుతో, అక్క అక్షరాలు: 'అరటితోట, తొలకరి. సేకరించినది: సువర్ణ.'

మస్కట్ నుంచి మా ఆయన రాసే ఉత్తరాలు కూడా అత్తగారి పేరునే వచ్చేవి. పెళ్ళి శుభలేఖ తరవాత నా పేరు ఎక్కడైనా రాసి ఉండగా చూడడం అదే మొదటిసారి. పొగకి కళ్ళు మండాయో, ఏడ్చానో తెలియదు. పెట్టెలు ఎత్తుకుని వెనక్కి తిరిగాను. దొడ్డిగుమ్మంలో ఆగలేదు. తిన్నగా హాల్లోకి వెళ్ళి, పెళ్ళివారి కోసం తుడిచి ఉంచిన టీపాయ్ మీద పరిచేశాను. అత్తగారు నోరు తెరిచేలోగా వీధిలో కారు ఆగింది.

పెళ్ళికొడుకు తల్లి ఉమాదేవిగారు కూర్చుంటూనే కళ్ళజోడు పెట్టుకుని అద్దం మీదికి వంగింది.

"అబ్బ! ఎంత బాగున్నాయండీ! ఎవరు చేసేరండీ ఇవి?"

బావగారు నవ్వు మొదలెట్టారు. "అదాండి, మా ఆవిడకి కాస్త..."

"నేనేనండి," అంది అక్క. బజ్జీల పళ్ళెంతో గుమ్మంలో నిలబడి ఉంది. పెట్టెల్ని చూసింది, నా చేతులకంటిన మసి చూసింది. పళ్ళెం బావగారి చేతిలో పెట్టింది. కోడళ్ళెవరూ ఎన్నడూ కూర్చోని హాలు కుర్చీలో, ఉమాదేవిగారి పక్కన కూర్చుంది. "ఇది మా వరండాలో దొరికిందండి. కాస్త ఎండకేసి తిప్పి చూడండి," అంటూ మొదటి పెట్టె ఎత్తి ఆవిడ ఒళ్ళో పెట్టింది.

"భవానీ, పొయ్యి మీద వాయి!" అంది అత్తగారు పళ్ళ బిగువున.

మాడు వాసన హాల్లోకి వచ్చేసింది. అక్క రెండో పెట్టె అందుకుంది. నేను కుర్చీ లాక్కుని అక్క పక్కన కూర్చున్నాను.