రంగు పట్టని ముడులు

కూరకి నాలుగు చేపలు పట్టుకున్నాడని సత్తియ్య విసురువలను వేలం పాటదారు మనుషులు కొడవలితో చీరేశారు. ఏటిగట్టు మీద, పట్టపగలు. పేదవాడికి బుద్ధి చెప్పడానికే వచ్చారనుకుందామంటే, పోతూ పోతూ ఆ నాలుగు చేపలూ పట్టుకుపోయారు.

ఒడ్డున వల బాగుచేసుకుంటున్న పాపాయి చూసింది. పేటలో పదిహేడిళ్ల వాళ్లూ చూశారు. ఎవరూ నోరెత్తలేదు. చిన్న మాటకే గట్టుదాకా తరుముకొచ్చే జనం ఇవాళ ఇంత మర్యాదస్తులెలా అయ్యారా అని పాపాయికి అనుమానం పట్టుకుంది.

ఏటా మాఘం దాటేసరికి లంక పక్క పాయ ఎండిపోయి, లోతైన మడుగొకటి మిగులుతుంది. శీలావతులూ బొచ్చెలూ అందులో చేరతాయి. ఫాల్గుణంలో దాన్ని పేటంతా ఒకే వలతో లాగుతుంది. ఆ వల ఏ ఒక్కరిదీ కాదు. ఇంటికో ముక్క. దారం కుళ్లకుండా ముక్కలన్నీ ఒకే కాగులో తుమ్మచెక్క రంగుతో ఉడకబెట్టి, ఆరబెట్టి, అంచుకంచు కలిపి కుడతారు. ముక్క తెచ్చిన ప్రతి ఇంటికీ సమానవాటా, నీళ్లలో దిగే మగవాడున్నా లేకపోయినా. పాపాయి మొగుడు పోయి ఆరేళ్లు. "ఆ వలముక్కే దానికి మొగుడు" అని ఆడవాళ్లు వేళాకోళమాడేవారు. "అదే నయం, తాగొచ్చి తన్నదు" అనేది పాపాయి.

ఈ ఏడు మడుగును రాజమండ్రి ఆసామి జగన్నాథరావు సర్కారు వేలంలో పాడుకున్నాడు. ఉమ్మడివల దిగడానికి వీల్లేదన్నాడు. మగాళ్లు ఎవరికివారు తన దగ్గర కూలికి వేటాడాలన్నాడు. అదే జరిగితే పాపాయి పొయ్యి వెలగదు.

వల కలిపే కుట్టాలని పేటపెద్ద పల్లంరాజు ఇంటిముందు అందరూ గంగమ్మ మీద ఒట్టేశారు. వేశాక ఒకరినొకరు ఓరకంట చూసుకున్నారు.

పక్కింటి అప్పాయమ్మ తలుపు మూసుకుని వల అల్లుతోంది.

"ఏంటొదినా, పగటిపూట తలుపేశావు?"

"ఎండ కళ్లల్లో పడతంది."

"ఉత్తరం గుమ్మంలోకి ఎండేంటే?"

లోపల గడియ పడింది. ఇంటిదొంగ దొరికిందనుకుంది పాపాయి. తన ఇంట్లో గింజలకుండ వెనక ఉన్న తెల్లటి మిల్లుదారం ఉండ సంగతి వేరు. అది సత్తియ్య వల చీరకముందే జగన్నాథరావు గుమాస్తా ఇచ్చాడు. "నీ ఒక్కదానికేనమ్మా, ఎవరితోనూ అనకు. నీ ముక్క వాళ్లతో కలపకు, అయ్యగారు నీకో దారి చూపిస్తారు" అన్నాడు. పాపాయి మాటివ్వలేదు. దారం మాత్రం తీసుకుని చిరుగులకు వాడుకుంది. మాటివ్వనప్పుడు తప్పేముందని తనకు తనే తీర్పు చెప్పుకుంది. అప్పాయమ్మకు మాత్రం అంత మెత్తని తీర్పు దొరకలేదు.

కాగు పెట్టిన రోజు ముందుగా అప్పాయమ్మ ముక్కే తీసి ఇసక మీద పరిచారు. వలంతా గోధుమరంగు తేలింది. మధ్యమధ్య ముడులు మాత్రం తెల్లగా పళ్లికిలించాయి. మిల్లువాళ్లు ఏ జిగురు పూశారో గాని, ఆ దారానికి చెక్కరంగు పట్టలేదు.

"చూశారా! రావుగారి దారం!" అని అరిచింది పాపాయి.

"నీ ముక్క తియ్యవే ముందు!" అంది అప్పాయమ్మ.

తీశారు. అదీ పళ్లికిలించింది. సత్తియ్యదీ అంతే. పల్లంరాజు తన ముక్కను మెల్లగా కాగు వెనక్కి జరపబోతే ఆడవాళ్లు లాగి పరిచారు. అన్నిటికన్నా తెల్లగా ఉంది.

"పెద్దవు కదా మావా, నీకు పెద్ద ఉండే ఇచ్చుంటాడు!"

"నీ ఒక్కడికే అన్నాడే," అని గొణిగాడు పల్లంరాజు.

"నాకూ అదే అన్నాడు!"

"నాకూనూ!"

ముందు తిట్టుకున్నారు. తర్వాత ఎవరు మొదలెట్టారో, నవ్వుకున్నారు. పాపాయి నవ్వలేదు.

"సత్తియ్య వల చీరిననాడు మన నోళ్లు కుట్టింది ఈ దారమే. ఒకళ్లకొకళ్లం కాపలా కాసుకున్నాం. ఆడికి జవాన్ల అవసరం కూడా లేకుండా చేశాం."

"ఎవరిది వాళ్లం తిరిగిచ్చేద్దాం," అన్నాడు పల్లంరాజు.

"నా వల తిరిగిచ్చాడా ఆడు?" అన్నాడు సత్తియ్య.

మిగిలిన దారమంతా బయటికి తెచ్చారు. పదిహేడు ముక్కలనూ దానితోనే కలిపి కుట్టారు.

మర్నాడు పొద్దున్నే వల మడుగులో దిగింది. సగం లాగేసరికి జగన్నాథరావు ఓ జమేదారునీ ఆరుగురు పోలీసు జవాన్లనీ వెంటబెట్టుకుని వచ్చాడు.

"ఈ వల ఎవరిది?" అన్నాడు జమేదారు.

"నాదండి," అంది పాపాయి.

"దానిదేంటండీ, నాది!" అంది అప్పాయమ్మ.

"ఆయ్, నాదేనండి," అన్నాడు పల్లంరాజు. ఈసారి అతను వెనక్కి జరగలేదు.

జమేదారుకు విసుగొచ్చి అందరూ ఖైదీలేనన్నాడు. వల సాక్ష్యం కనుక ఒడ్డుకు లాగమన్నాడు. జవాన్లు లాగారు. నలభైమంది లాగే వల అది. అంగుళం కదల్లేదు.

"మీరే లాగండి!" అన్నాడు జగన్నాథరావు.

"ఖైదీలం కదండీ బాబూ," అని పాపాయి ఇసకలో చతికిలబడింది. పేటంతా కూర్చుంది.

ఎండెక్కింది. వలలో చేపలు ఎగురుతున్నాయి. జగన్నాథరావు ఏటి ఎదురొడ్డు పేటవాళ్లను రెట్టింపు కూలికి పిలిపించాడు. ముందు పడవలో వాళ్లు దిగి తాళ్ల వైపు చూశారు, కూర్చున్న వాళ్ల వైపు చూశారు.

"ఏంటే అమ్మాయ్, ఏం జరిగింది?" అంది వాళ్లలో ఓ ముసలమ్మ.

"కూర్చో పిన్నీ, చెబుతాను," అంది పాపాయి.

ముసలమ్మ చీర కుచ్చిళ్లు సర్దుకుని కూర్చుంది. తాడు పట్టుకోబోయిన ఆమె కొడుకు తల్లిని చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. వెనకాల పడవల్లోంచి ఒక్కొక్కరే దిగి వచ్చి కూర్చుంటున్నారు.