మూడు సిలిండర్ల మీద ఉధ్నా దాకా

స్టేషన్ దారిలో పాండేసర ఇంకా రాకముందే కారు వణకడం మొదలైంది. రోడ్డు బాగాలేదేమో అనుకున్నాను. సిగ్నల్ దగ్గర ఆగినా వణుకు ఆగలేదు. వెనక సీటులో, విరిగి పట్టీ వేసిన కాలు నా ఒళ్లో చాపుకుని కూర్చున్న లలిత పళ్లు బిగపట్టింది.

"ఏందిరా పరుశురాం, బండికి చలిజ్వరమొచ్చిందా?"

నా కొడుకు గేరు మార్చి చూశాడు. అతని ముందు మీటర్ల దగ్గర పసుపుపచ్చ గుర్తు వెలిగి ఆరుతోంది. ఎంత తొక్కినా కారు లాగడం లేదు. పక్క సీటులో లలిత అల్లుడు లక్ష్మీరాజం మాటిమాటికీ ఫోనులో టైము చూసుకుంటున్నాడు. అత్తను జగిత్యాల దగ్గర తన ఊరికి, తన ఇంటికి తీసుకుపోవడానికి వచ్చాడు. ఉధ్నా స్టేషన్‌లో రైలు ఎక్కాలి.

వడోద్‌లో మా గదికీ లలిత గదికీ మధ్య ఒకటే గోడ. మా ఆయనా, వాళ్లాయనా ఒకే కార్ఖానాలో బట్ట నేసే సాంచాలు నడిపారు. ఇద్దరూ పోయారు. బతకడానికి వచ్చిన ఈ పరాయి ఊళ్లో నేను స్టేషన్ దాకా వెళ్లి సాగనంపినవాళ్లు ఎవరూ తిరిగి రాలేదు. తమ్ముడు రాలేదు. పెద్ద బిడ్డ వస్తానని రాలేదు. అందుకే కారు మొరాయిస్తుంటే అందరూ కంగారుపడ్డారు గానీ, నాకు మాత్రం ఆగితే ఆగనీ అనిపించింది.

పరుశురాం కారును ఎలాగో మెకానిక్ బ్రహ్మచారి గ్యారేజీ దాకా తెచ్చాడు. బ్రహ్మచారి మా కరీంనగర్ వైపువాడే. బానెట్ ఎత్తి, ఇంజన్ నడుస్తుండగానే చెవి పెట్టి విన్నాడు.

"మిస్సింగ్ కొడుతుంది. నాలుగు సిలిండర్లల్ల ఒకటి పని చేస్తలేదు."

సిలిండర్‌లో నిప్పురవ్వ పుట్టించే ఒక్కో కాయిల్‌కు వచ్చే వైరు పీకి మళ్లీ పెట్టసాగాడు. మొదటిది పీకితే ఇంజన్ ఇంకా గింజుకుంది. రెండోది పీకినా అంతే. మూడోది పీకితే ఏ తేడా రాలేదు.

"ఇదే. సచ్చినదాన్ని సంపితే ఏం దెలుస్తది?" అని ఇంజన్ ఆపించి, ఆ కాయిల్‌ను పైకి లాగి మాకు చూపించాడు. దాని కొన తడిగా ఉంది. లోపల ప్లగ్గు కూర్చున్న గుంటలో నీళ్లు నిలిచాయన్నాడు.

"పొద్దుగాల ఇంజన్ గిట్ల కడిగిన్రా?"

"లేదన్నా."

బ్రహ్మచారి వేలు ముంచి వాసన చూశాడు. "అరే, కొబ్బరినీళ్లు!"

పరుశురాం మెల్లగా వెనక్కి తిరిగాడు. "అత్తా..."

పొద్దున లక్ష్మీరాజం చక్రం ముందు కాయ కొట్టబోతే లలిత ఒప్పుకోలేదు. దసరాకు సాంచా మీదనే కొడతాం గదా, మిషన్ మీద కొట్టండి, చక్రం కింద దేవుడుంటడా అని కుర్చీలోంచే బానెట్ ఎత్తించింది.

"మిషన్‌కు తాగబోస్తే ఊకుంటదా, అవ్వా?" అన్నాడు బ్రహ్మచారి.

"మా సాంచాలు ఎన్నేండ్లు తాగినయ్, ఒక్కటన్న గిట్ల వణికిందా? నీ కార్లే నాజూకు."

"నీ కాయే నిన్ను పోనిస్తలేదు లలితా," అన్నాను.

ఆమె నవ్వలేదు. "జర జల్ది చూడు బిడ్డా. రైలు పోతది."

ఆ తొందర నాకు గుచ్చుకుంది. కానీ ఏమనగలను? ఆమె బాత్రూంలో జారిపడిన రోజు గోడ మీద కొట్టి పిలిస్తే పరుగెత్తాను. చంకల కింద చేతులు పెట్టి లాగాను. లేవలేదు. నేనూ కూలబడ్డాను. పరుశురాం వచ్చేదాకా ఇద్దరం ఆ తడి నేల మీదనే ఉన్నాం. లలిత సిగ్గుతో కళ్లు మూసుకుంది. అక్కడ అల్లుడింట్లో ఆమె బిడ్డ భాగ్యలక్ష్మి ఉంది, ఎత్తగలదు.

బ్రహ్మచారి గుంటను గాలి పైపుతో ఊది, ప్లగ్గు తుడిచి బిగించాడు. వణుకు పోలేదు. మూడోదాని కాయిల్‌ను రెండోదానికి, రెండోదాన్ని మూడోదానికి మార్చాడు. ఈసారి మూడోది పనిచేసింది, రెండోది చచ్చింది.

"కాయిల్ కాలింది. ఏడ పెడితే ఆడ మిస్సింగ్. కొత్తది తెప్పియ్యాలె, అది వచ్చేసరికి మీ రైలు పోతది."

లక్ష్మీరాజం ఆటో అన్నాడు. పట్టీ వేసిన కాలు వంగదు, ఆటోలో పట్టదు. వేరే కారు కోసం ఫోను చేస్తే ఇప్పట్లో రాదన్నారు. నేను లోపల దేవుడికి మొక్కుతూనే ఉన్నాను.

"ఒక పని చేస్త," అన్నాడు బ్రహ్మచారి. "గా సిలిండర్‌కు పెట్రోల్ బంద్ చేస్త. మూడింటి మీద మెల్లగ పోతది. ఏసీ వద్దు. బ్రిడ్జి ఎక్కేటప్పుడు బరువుంటే గుంజదు. ఒకరు దిగితే మంచిది."

పరుశురాం నడపాలి. లక్ష్మీరాజం ఆమెను ఎత్తి రైలెక్కించాలి. నేను లలిత కాలును మెల్లగా ఎత్తి, దాని కింద బట్టల సంచి పెట్టి దిగాను.

"మీరు పోతుండుండ్రి. నేను ఆటోల వస్త."

లలిత నా మణికట్టు పట్టుకుంది. "రావొద్దు, వదినా."

"ఎందుకే?"

"నువ్వు ప్లాట్‌ఫారం మీద కనబడితే నేను ఎక్క. అల్లుడు ఎంత జెప్పినా ఎక్క. నా సంగతి నాకెరుకే."

నేను మొక్కుకున్నది అదే. రోడ్డుకు అవతల ఆటోలు వరసగా నిలబడి ఉన్నాయి. ఒకటి ఎక్కితే చాలు, ఆమె నాతోనే వడోద్‌కు తిరిగి వస్తుంది. మళ్లీ గోడ అవతలి నుంచి పిలుస్తుంది. మళ్లీ నేను ఎత్తలేను.

"సరే తియ్యి," అన్నాను. "నాకూ మోకాళ్లు గుంజుతున్నయ్. పోయిరా."

తలుపు వేశాను. సరిగ్గా పడలేదు. మళ్లీ తెరిచి గట్టిగా వేశాను. కారు తడబడుతూ రోడ్డెక్కింది. లారీల చప్పుడులో కాసేపు దాని చప్పుడు వేరుగా వినపడింది, తర్వాత ఏది ఏదో తెలియలేదు.

బ్రహ్మచారి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "ఆటో పిల్వాల్నా పెద్దమ్మా? స్టేషన్‌కా, ఇంటికా?"

"ఇప్పుడొద్దు బిడ్డా. ఆటో ఎక్కితే నోట్లెకెల్లి స్టేషన్ అన్న మాటనే వస్తదేమో. రైలు పోయేదాక ఈడనే ఉంట."

అతను స్టూలు నీడలోకి జరిపాడు. నేను రోడ్డుకు వీపు పెట్టి కూర్చున్నాను.